నల్లగుడ్డ చుట్టిన గొట్టం

శుక్రవారం పొద్దున్నే మాచర్ల నుంచి లేత్ మామ కూతురు ఫోన్ చేసింది. “అన్నా, మా అబ్బా పోయాడు. ఫిట్స్ వచ్చి మళ్లీ లేవలేదు” అంది. జబ్బు చేసి పోయాడంటున్నారు అందరూ. కాదు, ఆయన్ని కొట్టి చంపారు. కాకపోతే ప్రాణం పోవడానికి ఏడాది పట్టింది.

నాది చెరువుల అడుగు మట్టిని పరీక్షించే పని. ఇనప గొట్టం లోతుగా దింపి, పొరలు చెదరకుండా పైకి లాగితే, ఏ కాలంలో కరువొచ్చిందో, ఎప్పుడు వానలు దంచికొట్టాయో తెలుస్తుంది. ఆ గొట్టాలకు తన లేత్ మిషన్ మీద మొన తీసి ఇచ్చేది మామే; చుట్టరికం లేదు, పిలుపే. పొరలోని ఇసుక చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో కొలుస్తామని, మధ్యలో వెలుగు తగిలితే ఆ లెక్క తుడిచిపెట్టుకుపోతుందని ఒక్కసారే చెప్పాను. ఆ రోజు నుంచి గొట్టానికి నల్లగుడ్డ చుట్టి, మూతలు బిగించేదాకా నన్ను చెయ్యి వేయనిచ్చేవాడు కాదు.

“ఆగు అల్లుడూ! మట్టి నిద్ర కూడా చెడగొడతావేంది?”

పోయిన వేసవిలో మామా నేనూ గురజాల దగ్గర ఎండిన చెరువులో ఉన్నాం. ముందురోజే ఆ ఊళ్లో రెండు వర్గాలు నాటుబాంబులు వేసుకున్నాయట. మాకు తెలియదు. మా నల్లగుడ్డ గొట్టం చూసి, అవతలివాళ్లకు బాంబులు మోస్తున్నామనుకుని పదిమంది కర్రలతో వచ్చిపడ్డారు.

“విప్పరా!”

“మట్టి నాయనా! వెలుగు తగిలితే పాడైపోద్ది. చీకటి గదిలో చూపిస్తా, రండి.”

మొదటి దెబ్బకే మామ మోచెయ్యి విరిగింది. ఆ చప్పుడు విన్నాను. మామ గొట్టం మీద బోర్లా పడుకున్నాడు. నడుం మీద కొట్టారు, తల మీద కొట్టారు. నల్లగుడ్డ రక్తంతో తడిసింది. “విప్పెయ్ మామా” అనే ఒక్క మాట నా నోటిదాకా వచ్చింది. అనలేదు. భయపడి కాదు, ఆ గొట్టం మీద ఆశ చావక. అందుకు నన్ను నేను క్షమించుకోలేను.

చివరికి వాళ్లే మూత పీకారు. బురద ఎండలోకి జారింది. “థూ, మట్టేరా!” అని వెళ్లిపోయారు.

ఆస్పత్రిలో తలకు కట్టుతో మామే నన్ను ఓదార్చాడు. “ఇంకోటి దింపుదాంలే అల్లుడూ. చెరువు యాడికి పోద్ది?” ఆయన చెయ్యి మళ్లీ లేత్ తిప్పలేదు. తల దెబ్బకు ఫిట్స్ మొదలయ్యాయి.

జుమ్మా నమాజు తర్వాత ఖననం. ఎండ మాడుస్తోంది. అందరూ మూడేసి పిడికిళ్ల మట్టి వేస్తున్నారు. నా వంతు వచ్చాక పిడికిలి విప్పి, అరచేతిలో మెరుస్తున్న ఇసుకను కాసేపు ఎండలో అలాగే పట్టుకున్నాను.

“కానివ్వు అన్నా” అన్నారెవరో వెనకనుంచి.

వేశాను. దాని మీద ఇంకొకరి మట్టి పడింది, ఆపైన మరొకరిది. ఆ ఇసుక చూసిన చివరి ఎండ అదే.