తిప్పి బిగించిన తీగలు

ఈ ఆదివారం నన్ను చర్చిలో గిటార్ వాయించమన్నారు. అంతకుముందే ఒక తప్పు ఒప్పుకోవాలి, అందుకే ఈ గ్రూపులో రాస్తున్నాను.

మన సండే స్కూల్ వాళ్లకి ఆ పాత గిటార్ గుర్తుందా? ముట్టుకుంటే వేళ్లకి తుప్పు వాసన అంటుకునేది. నాది ఎడమచేతి వాటం. పాటలకి వాయించే సువార్తక్క ఒక్కతే నన్ను చూసి నవ్వకుండా నేర్పింది, గిటార్ ఉండే బీరువా తాళం కూడా ఇచ్చింది. ఒక శనివారం తీగలన్నీ పైవి కిందికి, కిందివి పైకి నా చేతికి తగ్గట్టు తిప్పి బిగించుకుని, అలాగే వదిలేసి ఇంటికెళ్లిపోయాను.

మర్నాడు ఆరాధనలో అక్క వాయించగానే అంతా అపశ్రుతి.

"ఏంటమ్మా సువార్తా, చేతులు ఇంట్లో పెట్టి వచ్చావా?" అన్నారు పాస్టరమ్మగారు. అందరూ నవ్వారు. ముందు చాప మీద కూర్చున్న నేనూ నవ్వాను. అక్క మళ్లీ గిటార్ ముట్టలేదు.

అక్కా, తీగలు మార్చింది నేనే. శనివారంలోగా ఒక్క మాట రాయి. నువ్వు వద్దంటే వాయించను.