కాలు తగిలిన సీసా

ఆ ఉదయం అడిలైడ్ రైల్లో కుదురుగా కూర్చోలేకపోయాను. నా పరిశోధనలోని కార్బన్ ఎలక్ట్రోడ్లు ల్యాబ్‌లో కలిపిన ఉప్పునీళ్లలోంచి ఉప్పును చక్కగా లాగేస్తాయి. వాగు నీళ్లు పోస్తే మాత్రం, కుళ్లిన ఆకుల మడ్డి పట్టి మొరాయిస్తాయి. అందుకే మర్నాటి ప్రెజెంటేషన్‌లో వాగు ఊసెత్తకూడదని, వెంట ఉన్న సీసాడు వాగు నీళ్లు పారబోయాలని నిశ్చయించుకున్నాను.

మాసన్ లేక్స్ స్టేషన్ దగ్గర రైలు కుదుపుకి ఆ సీసా దొర్లిపోయింది. ఎదురు సీట్లో ఫోన్‌లో తెలుగు మాట్లాడుతున్న పెద్దావిడ దాన్ని కాలితో ఆపింది. వెంటనే నాలుక కరుచుకుని, వంగి, సీసాను తాకి కళ్లకద్దుకుంది.

“అవి మురికి నీళ్లు ఆంటీ,” అన్నాను.

“అయితే ఏంటమ్మా, నీళ్లే కదా!” అంటూ సీసా నా చేతికిచ్చింది.

యూనివర్సిటీకి వెళ్లి, ల్యాబ్ సింకు దగ్గర మూత తీసి నిలబడ్డాను. పారబోయడానికి చెయ్యి రాలేదు.