దిబ్బ మీదికి పిలిచిన గొంతు

మొన్న ఆదివారం ఆరాధన ముగిసి చర్చి మెట్లు దిగుతుంటే, ఒకావిడ ఫోనులోంచి నా గొంతే నాకు వినబడింది. పదేళ్ళ కిందటి గొంతు, ఈ రోజు సాయంత్రం ఇసుక దిబ్బ దాకా నడిచి వెళ్ళమని చెబుతోంది. ఆవిడ మురిసిపోతూ వినిపిస్తోంది గానీ నేను వెంటనే ఆపమన్నాను.

అప్పట్లో నేను మొగల్తూరులో సైన్సు టీచరుని. రాజమండ్రిలోని ఒక చిన్న రేడియో కేంద్రం కోసం రోజూ రెండు నిమిషాల ఆకాశం కబుర్లు రాసి చదివేదాన్ని. రెండు నిమిషాలంటే గీతల కాగితం మీద ఒక నిండు పేజీ; మావారు గడియారం పట్టుకుని కూర్చోవడం, నిడివి మించితే నాకు ముద్దొచ్చిన వాక్యాన్నే కొట్టేయమనడం, నేను అలగడం, అంతా మా వంటింట్లోనే జరిగేది. రెండు వారాలకొకసారి బస్సెక్కి వెళ్ళి, రాబోయే పద్నాలుగు రోజులవీ ఒకే పూట చదివి రికార్డు చేసి వచ్చేదాన్ని. పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఉండాలని, ప్రతిదానిలో ‘ఈ రోజు’ అని రాయమని అక్కడి పెద్దాయన పట్టుబట్టేవారు. పొద్దున ప్రసారం కాగానే ఇంటర్నెట్‌లో పెట్టేవారు, అక్కడినుంచి వాట్సాప్‌లో ఊళ్ళు తిరిగేది. తేదీ మాత్రం దాని వెంట వెళ్ళేది కాదు. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

ఒక పంచమి నాటికి, సాయంత్రం సముద్రం బాగా వెనక్కి తీస్తుందనీ, అప్పుడు బయటపడే ఇసుక దిబ్బ దాకా నడిచి వెళ్ళి నిలబడితే చంద్రుడి పక్కన గురుగ్రహం కనబడుతుందనీ రాశాను. అది పెనుగొండలో ఉన్న మా చెల్లికి వారం ఆలస్యంగా చేరింది. పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని వచ్చి, మా సముద్రపు ఒడ్డునుంచే నాకు ఫోను చేసింది.

“అక్కా, నువ్వు చెప్పావుగా, ఆ దిబ్బ మీదికే వెళ్తున్నాం. చీకటి పడ్డాక ఇంటికొస్తాంలే.”

సరేనని పెట్టేసి బియ్యం కడుగుతుంటే గుర్తొచ్చింది, ఆ రోజు ద్వాదశి. సాయంత్రానికి సముద్రం పోటు మీదుంటుంది. ఒక్కసారి తలెత్తి చంద్రుణ్ణి చూసినా తేడా తెలిసేది, వాళ్ళు ఫోను వంకే చూశారు.

తిరిగి ఫోను చేస్తే కలవలేదు. వెనక వీధిలో చేపలమ్మే ఆవిడ ఇంటికి పరుగెత్తాను. ఆవిడ భర్త ఒక్క ప్రశ్నా వెయ్యకుండా నన్ను బండెక్కించుకుని తీరానికి వెళ్ళి, తన పడవను నీళ్ళలోకి తోశాడు. అప్పటికి దిబ్బ చాపంత మిగిలింది. ఆ మసక వెలుతురులో, అంత దూరానికి చెల్లి చీర రంగే కనబడుతోంది, పిల్లలు కనబడటం లేదు. అంత భయం నేను మళ్ళీ ఎన్నడూ పడలేదు. ప్రార్థన కూడా నోటికి రాలేదు, నేను రాసిన వాక్యమే చెవుల్లో తిరుగుతోంది.

చెల్లి చిన్నదాన్ని భుజానెత్తుకుని, పెద్దవాణ్ణి కొంగుతో నడుముకి కట్టుకుని నిలబడిందట. ముగ్గురూ క్షేమంగా ఒడ్డుకి చేరారు. అతను మాత్రం పడవ లాగుతూ, తల తిప్పకుండానే అన్నాడు.

“మేం నీళ్ళు చూసి దిగుతామండి. మీ మాట విని దిగేవాళ్ళుంటారని మీకు తెలీదాండి, టీచరుగారూ?”

ఆ తర్వాత ప్రతి కబురూ తేదీతోనే మొదలుపెట్టాను. ఆ తేదీ ముక్కని ఎవరో కోసేసి పంపుకున్నారు.

మా చిన్నతనంలో రేడియో మాట అప్పటికప్పుడే గాలిలో కలిసిపోయేది, మళ్ళీ వినలేమే అని బాధపడేవాళ్ళం. ఇప్పుడు ఏదీ పోవడం లేదు. చర్చి దగ్గర ఆవిడ ఫోనులో ఉన్నది దగ్గరుండి చెరిపించాను, ఇంకా ఎన్ని ఫోన్లలో ఉందో. నేను పోయాక కూడా ఆ గొంతు ఎవరో ఒక పిల్లల తల్లిని ఈ రోజే రమ్మంటుంది. వెళ్ళొద్దని చెప్పడానికి నేనుండను.