వాక్‌మన్‌లో పట్టిన అప్పగింతల పాట

మా వంశం ఏనుగులను పోగొట్టుకున్నది, మిద్దెలను పోగొట్టుకున్నది, తల మాత్రం దించలేదు. ఆ తలను ఒక్క బొత్తాంతో దించినవాణ్ని నేను. గుండె చిక్కబట్టుకుని చదవండి.

చెల్లెలి పెళ్లి. మా ఇంటి ఆఖరి ఆడపిల్ల. "అన్నా, అత్త పాడే అప్పగింతల పాట క్యాసెట్టులో పట్టి ఇయ్యి. ఇంకేం వద్దు" అన్నది. ఆ పాట మా మేనత్తకు తప్ప ఎవరికీ రాదు. పెళ్లికూతురు గడప దాటేటప్పుడే పాడాలి. ఊరికే పాడితే ఇంటికి అరిష్టం.

పక్కింటి శామ్యూలు గారి దగ్గర టేప్‌రికార్డరుంది. కానీ మేము అడిగి తెచ్చుకోవడమా! మింగ మెతుకు లేకున్నా మీసాలకు సంపెంగ నూనె రాసే వంశం మాది. నాకింకా మీసం రాలేదు కనుక ఆ నూనె ఖర్చుతో గూడూరులో వాక్‌మన్ కొన్నాను.

"అన్నా, ఇది పాటలు..." అన్నాడు కొట్టువాడు.

"తెలుసు."

"కాదన్నా, ఇందులో..."

"తెలుసంటినే!"

పెళ్లినాడు చెల్లెలు గడప దాటుతుంటే అత్త పాడింది. ఖాళీ క్యాసెట్టు వేసి, బొత్తాం నొక్కి, హారతి పళ్లెంలా ఆమె నోటి ముందు పట్టుకున్నాను. చక్రాలు తిరుగుతున్నాయి. "ఏడ్చేవాళ్లు కాస్త అవతలికి పోయి ఏడవండి!" అని మగపెళ్లివారిని కూడా గద్దించాను.

కారెక్కిన చెల్లెలు వైర్లు చెవుల్లో పెట్టుకుంది. "ఏం వినపడలేదే, అన్నా?"

"ఖరీదైన మిషను. నిదానంగా అందుకుంటుంది."

శామ్యూలు గారు దాన్ని తిప్పి చూశారు. "అబ్బయా, ఎర్ర బొత్తాం యాడుంది?"

"ఎర్ర బొత్తామా?"

"ఇది పాడేదే గానీ పట్టేది కాదు నాయనా."

కాళ్ల కింద భూమి కదిలింది. ఉన్నదే మూడు సెంట్లు, అదీ కదిలింది! చెల్లెలు భోరుమంది.

"ఇంకోసారి పాడత్తా" అని కాళ్లు పట్టుకోబోయాను.

"గడప దాటినాక పాట యాడిదిరా? ఇంకో పెళ్లికూతుర్ని తే, పాడతా."

చెల్లెలు కారు దిగి కళ్లు తుడుచుకుంది. "అత్తా, అన్నుండాడు గదా!"

నేను నోరు తెరిచేలోగా దాని దండ నా మెడలో పడింది, ఎవరిదో కొంగు నా నెత్తిన పడింది. శామ్యూలు గారు పరుగున టేప్‌రికార్డరు తెచ్చి ఎర్ర బొత్తాం నొక్కారు. నేను గడప దాటాను.

ఆ క్యాసెట్టు చెల్లెలింట్లో ఇప్పటికీ మోగుతుంది. "మా వీరభద్రమ్మ పసిది, వంట రాదు, ఓర్చుకోండమ్మా" అని అత్త కరుణగా పాడుతుంటుంది. వెనకాల వెక్కి వెక్కి ఏడ్చేది వీరభద్రరాయుడనే నేనే.

ఏడు తరాల పెద్దల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: కొట్టువాడు మాట ముగించేదాకా ఇక నోరెత్తను. అత్తారింటికి మాత్రం, ఎంత ఏనుగు నెక్కించినా, మళ్లీ పోను.