మేకలు పోయాక పూసిన చెట్టు

ఆదివారం నాయన మా వాకిట్లో చెట్టు కొమ్మలు కొట్టేస్తానంటున్నాడు. అందుకే ఇవాళే రాస్తున్నాను.

ఈ ఎండాకాలం మొదట్లో ఆ చెట్టు పూసింది. ఒక్క ఆకూ లేని కొమ్మల నిండా లేత గులాబీ రంగు గుత్తులు. దానికి పూలుంటాయని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మేకలకు ఆకు మండలు మోసిన నా ఈడు వాళ్లారా, గుర్తుందా? మా అవ్వ ఏటా ఆ చెట్టును మోడు చేసేది. దోటికి కొడవలి కట్టి లాగుతుంటే పచ్చి ఆకు వాసన వాకిలంతా నిండేది.

"నీడకైనా రెండు కొమ్మలుండనీ అవ్వా!" అనేదాన్ని.

"నీడ తిని బతుకుతాయా మేకలు? పట్టుమే!"

నిరుడు అవ్వ చనిపోయింది. మేకలను అమ్మేశాం. ఆ తర్వాత చెట్టును ఎవరూ ముట్టుకోలేదు. అందుకే పూసిందేమో.

"సదువుకున్నావు గదమ్మా, దీని పేరేంది?" అన్నాడు నాయన. నాకూ తెలియదన్నాను.

"పేరేదైతే ఏమిలే. కొమ్మలు ఇంటి రేకుల మీదికొచ్చినాయి, గాలొస్తే ఇరిగి పడతాయి."

ఆయన మాటా నిజమే. కానీ ఇవి అవ్వ ఒక్కసారి కూడా చూడని పూలు. ఫొటో పెట్టాను. దీని పేరేమిటో, పూత రాలాక కొడితే వచ్చే ఏడు మళ్లీ పూస్తుందో లేదో, తెలిసినవాళ్లు శనివారం సాయంత్రం లోపల చెప్పండి.