గోడ లోపలి విమానం

మా పక్కింటి చాచా పోయారని పొద్దున మసీదు మైకులో చెప్పారు. మార్కాపురం బస్టాండు దగ్గర స్టవ్‌లు, కుక్కర్లు బాగుచేసే చాచా అంటే చాలామందికి తెలుసు. అంతకుముందు ఆయన వైమానిక దళంలో మెకానిక్.

ఊరి బయట ఒక ప్రైవేటు మ్యూజియం ఆవరణలో, సర్వీసు ముగిసిన పాత శిక్షణ విమానం ఆరుబయట ఉంది. శుక్రవారం నమాజు కాగానే చాచా వెళ్లి దాని దుమ్ము తుడిచేవారు, చక్రాలకు గాలి కొట్టేవారు. పేపరుకు వార్తలు రాసే నేను వెంట వెళ్లిన ఒక రోజు గేటు దగ్గరి ఆటో డ్రైవరు నవ్వాడు.

“ఏంది చాచా, హైదరాబాద్ పోతాదా ఇది?”

“పోకున్నా కాళ్ల మీద నిలబడాల గదరా. నీ ఆటో మాదిరి ఒరగకూడదు.”

మా దగ్గర రేకుల ఇళ్ల కప్పు గాలికి లేచిపోకుండా పైన పలకరాళ్లు పెడతారు. మొన్న వేసవిలో గాలివాన వస్తుందన్నారు. విమానాన్ని కట్టిన తాళ్లు చివికిపోయి ఉన్నాయి. చాచా రెక్కల మీద పలకరాళ్లు పెట్టించారు. గాలికి రెక్క లేచింది. రాళ్లు జారి దాని రేకును చీల్చాయి, పైలట్ తలపై ఉండే అద్దాల మూతను పగలగొట్టాయి.

తెల్లారి ఆయన గాజుముక్కలు ఏరుతూ అన్నారు: “ఇంటి కప్పు లేవకూడదని కడతారు. ఇది లేవాలనే చేసినారు. తెలిసి తెలిసి మరిచినా. రాళ్లు పెట్టించింది నేనేనని రాయి బేటా.”

వార్తలో తన తప్పు రాయమని నన్ను అడిగినవారు ఆయన ఒక్కరే. రాశాను.

బెంగళూరులో ఒక వర్క్‌షాపు వాళ్లు బాగుచేస్తామన్నారు. కానీ విమానాన్ని నిలబెట్టాకే చుట్టూ గోడ కట్టారు. గేటులో రెక్కలు పట్టవు. వాటిని విప్పుదామంటే బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. కోసి పాత సామానుకు అమ్మేద్దామన్నారు మ్యూజియం యజమాని. చాచా ఆయన ఇంటికి వెళ్లినప్పుడు నేనూ ఉన్నాను.

“గోడ మళ్లా కట్టుకోవచ్చు సార్. రెక్క కోస్తే మళ్లా అతకదు.”

గోడ జోలికి పోవద్దన్నారు యజమాని. గిద్దలూరు నుంచి కూతురు వచ్చి తనతో రమ్మంది. చాచా కదల్లేదు. దుకాణం మూసి, రోజూ రెక్క కింద పడుకుని బోల్టులకు నూనె పోసేవారు, పానా పట్టి తిప్పేవారు. గుండె బాగాలేదని డాక్టరు చెప్పాక కూడా మానలేదు. ఒక్క బోల్టూ ఊడలేదు.

ఖననం అయ్యాక మ్యూజియంకు వెళ్లాను. రెక్కలు కోయడానికి యజమాని పిలిపించిన మనిషి ఆ రోజు పని ఆపి చాచా జనాజాకు వచ్చాడట. కోతకు తెచ్చిన గ్యాస్ సిలిండరు అక్కడే ఉంది. ఎవరూ ఎత్తుకుపోకుండా దానికి గొలుసు చుట్టి, విమానం ముందుకాలికే తాళం వేశాడు.