రాగికవచం పాతగొంతు

మనిషిని చూస్తే అగ్గిపుల్ల, గొంతు వింటే ఉరుము. అందుకే డబ్బింగ్ థియేటర్లో అందరూ ఆయన్ని గంభీరం అనేవాళ్లు. ఓటీటీలో వచ్చిన ‘రాగికవచం’ అనే సూపర్‌హీరో సిరీస్‌లో హీరోకి మన భాషలో గొంతిచ్చింది ఆయనే. మూడు సీజన్లు. “లేవండి. నా వెనక నిలబడండి. మీ మీద పడేది ముందు నా మీద పడాలి” అని రాగిముసుగులోంచి హీరో అంటుంటే పిల్లలూ పెద్దలూ ఒళ్లు మరిచిపోయేవాళ్లు. టైటిల్స్‌లో మాత్రం గొంతిచ్చినవాళ్ల పేర్లు వేసేవాళ్లు కాదు.

మూడో సీజన్లో యుద్ధాలెక్కువ. డబ్బింగ్ చెప్పే అద్దాల గదిలో అరిచీ అరిచీ గొంతులో కాయ లేచింది. ఆపరేషన్ చేశారు. మాట మిగిలింది, గొంతు పోయింది. ఆయన నోరు తెరిస్తే గరుకు కాగితంతో తలుపు రుద్దినట్టుండేది. చివరి రెండు ఎపిసోడ్లకి కంపెనీ వేరే గొంతు తెచ్చుకుంది. డిస్కుల పెట్టె విడుదల చేసేటప్పుడు మూడు సీజన్లూ ఆ గొంతుతోనే మళ్లీ చెప్పించింది. తరవాత ఓటీటీలోనూ అదే పెట్టేసింది. గంభీరం చెప్పిన మాట ఒక్కటి కూడా ఇక ఎక్కడా వినపడదు.

ఆయన బల్బుల దుకాణంలో చేరాడు. కొనేవాళ్ల ముందు బల్బు వెలిగించి చూపించడం పని.

నెట్‌లో ఉన్న అభిమానుల గ్రూపు మాత్రం రెండుగా చీలిపోయింది. “డిస్కులో బొమ్మ అద్దంలా ఉంది, శబ్దం చుట్టూ తిరిగొస్తోంది, ఇంకేం కావాలి?” అని కొత్తగొంతు వాళ్లు. “బొమ్మ మెరిస్తే సరా, లోపల మనిషేడీ?” అని పాతగొంతు వాళ్లు. ఇద్దరి మధ్యా తీర్పులు చెప్పే గ్రూపు పెద్దని అందరూ జడ్జి అనేవాళ్లు.

గంభీరం ‘శ్రోత’ అనే పేరుతో అందులో చేరాడు. మధ్యాహ్నం క్యారేజీ విప్పి, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో చదువుకునేవాడు. తనని పొగిడిన రోజు ఇంకో ముద్ద ఎక్కువ దిగేది. ఒకరోజు ఎవడో రాశాడు: “ఆ పాతాయన మాట్లాడుతున్నాడా, పుక్కిలిస్తున్నాడా?”

గంభీరానికి అరికాలి మంట నెత్తికెక్కింది. “రెండో సీజన్ ఐదో ఎపిసోడ్లో, తల్లి శవం దగ్గర ఆయన మాట మధ్యలో ఊపిరి బిగబడతాడు. మీ డిస్కులో ఆ ఊపిరి లేదు. చెవులుంటే వినండి” అని రాశాడు.

“అంత తెలిసినవాడివి, ఆ డైలాగు నువ్వే చెప్పి పంపు. నేర్చుకుంటాం” అన్నాడు జడ్జి.

బుద్ధి ఉంటే అక్కడ ఆగాలి. దుకాణం వెనక, అట్టపెట్టెల మధ్య నిలబడి, నాలుగుసార్లు రికార్డు చేసుకుని, అందులో నయమైనది పంపాడు.

“ఇది రాగికవచం కాదు, తుప్పుకవచం.” “మా మిక్సీ ఇంతకంటే బాగా చెబుతుంది.” కొత్తగొంతు వాళ్లు నవ్వి వదిలేశారు. పాతగొంతు వాళ్లే మీదపడ్డారు. “మా దేవుడి గొంతుని వెక్కిరిస్తావురా?”

“ఆ దేవుణ్ణి నేనే. ఆపరేషనైంది. సౌండ్ ఇంజనీరు ఈ గ్రూపులోనే ఉన్నాడు, అడగండి” అని రాశాడు.

ఆ ఇంజనీరు ఎనిమిదేళ్లు అద్దానికి అవతల కూచుని అన్నా అన్నా అంటూ ఈయన క్యారేజీలో తిన్నవాడు. గొంతు ఎందుకు మారిందో బయట చెబితే ఉద్యోగం ఊడుతుందని కంపెనీ హెచ్చరించింది. అతను మర్నాడు రాశాడు: “పాతగొంతు ఇచ్చినాయన పోయి ఏడాది దాటింది. ఆయన పేరు చెప్పుకుని ఇలా చెయ్యడం పాపం.”

“శవాల మీద పేలాలు ఏరుకునేవాళ్లకి ఇక్కడ చోటు లేదు” అని జడ్జి ఆయన్ని బయటికి గెంటాడు.

గంభీరం ఇంజనీరుకి ఫోన్ చేశాడు.

“ఏమనుకోకన్నా. బతికున్నప్పుడు నీకోసం ఎవడేడ్చాడు? ఇప్పుడు చూడు, ఎంతమందో” అన్నాడు అతను.

నిజమే. గ్రూపంతా పోయినాయన కోసం కన్నీళ్లు పెట్టుకుంటోంది. భార్య పళ్ల డాక్టరు దగ్గర టోకెన్లు రాస్తుంది. ఆవిడ తన ఫోన్లో గ్రూపు తెరిచి ఒక్కొక్కటే చదివి వినిపించింది. ‘మా నాన్న పోయినప్పుడు నన్ను మంచం మీంచి లేపింది ఈ గొంతే’ అని ఒకమ్మాయి రాసింది. “అది ఇంకోసారి చదువు” అన్నాడాయన.

వారం తిరిగేసరికి రెండు వర్గాలూ ఒక్కటయ్యాయి. పోయిన మనిషి గొంతుని డిస్కుగా తేవాలని పట్టుబట్టాయి. కంపెనీ సరేనని స్మృతి డిస్కు ప్రకటించింది. ఆదివారం పొద్దున్నే కంపెనీ నించి ఒకావిడ భార్యకి ఫోన్ చేసింది.

“స్వర్గీయులైన కళాకారుడి భార్యగారేనా అండీ? ఆయన గొంతు వాడుకోవడానికి మీరు సరే అంటే చాలు.”

ఆవిడ మొగుడి వంక చూసింది. ఆయన రెండు చేతులూ జోడించాడు. “సరే అను. నా గొంతు మళ్లీ వినపడుతుంది.”

ఆవిడకి పక్కన కూచున్న మనిషిని పోయాడనడానికి నోరెలా వస్తుంది? “ఆయన బతికే ఉన్నారమ్మా! ఇదిగో, మాట్లాడండి” అని ఫోను ఆయన చేతిలో పెట్టేసింది.

“హలో... నేనేనండీ” అన్నాడు గంభీరం. అవతలావిడ కాసేపు విని, “కనుక్కుని చెబుతాం” అని పెట్టేసింది.

మూడోరోజున, ఆయన బతికే ఉన్నాడు కాబట్టి స్మృతి డిస్కు ఆగిపోయినట్టు ప్రకటన వచ్చింది. ఇంజనీరు తెలివిగా, “ఆయనే తను పోయాడని చెప్పమన్నాడు, పెద్దవాడని కాదనలేకపోయాను” అని రాశాడు. “మన కన్నీళ్లతో ఆడుకున్నారు మొగుడూ పెళ్లాలు” అని జడ్జి తేల్చేశాడు. పొగడ్తలన్నీ ఒక్కొక్కటే చెరిగిపోయాయి. తండ్రి గురించి రాసిన అమ్మాయి తన మాట చెరిపేసి, ఆ చోట ఇంకోటి రాసింది: ‘నిజంగా పోయినా బాగుండేది.’

భార్య ఫోను బోర్లించింది. ఆయన అప్పటికే చదివేశాడు.

“ఆవేళ నేను సరే అనాల్సింది” అంది ఆవిడ.

నీ తప్పేం లేదని ఆయన అనొచ్చు. ఆ పాటి గొంతు ఇంకా ఉంది. అనలేదు. క్యారేజీ అందుకుని దుకాణానికి వెళ్లిపోయాడు.